సగం మీసం కథ

సందు చివర క్షౌరశాల. మధ్యాహ్నం. సగం దించిన షట్టరు బయట, వీపు మీద పెద్ద సంచితో ఒక అమ్మాయి వంగి లోపలికి చూస్తోంది. లోపల షాపు పెద్దాయన కూతురు నేల ఊడుస్తోంది.

"షాపు లేదండీ. చెప్పానుగా."

"అక్కా, నేనక్కా."

"ఎవరైనా అంతే. లేదు."

"వానలో వచ్చాను కదక్కా. మీ పైగదిలో ఉన్నాను. జ్వరం వస్తే నువ్వే..."

"తెలుసు. నాకు కళ్ళు బాగానే కనపడతాయి."

"లోపలికి రానా?"

"షట్టరు పూర్తిగా మూసి లేదుగా. వంగగలిగితే రండి. ఆ మూటతో మీరు వంగలేరేమో."

"మీరు అంటున్నావేంటక్కా?"

"మరేమనాలి? లోకమంతా చూసే మనుషుల్ని నువ్వు అంటే బాగుంటుందా?"

"అక్కా, అలా అనకు."

"సంచి ఆ మూల పెట్టండి. అక్కడ కాదు, నేల తడిగా ఉంది. ఇటు."

"తాత ఉన్నారా?"

"వెనక గదిలో పడుకున్నాడు. గొంతు తగ్గించండి."

"ఈ వేళప్పుడు పడుకున్నారా? అప్పుడు మధ్యాహ్నమైతే తాతకి అన్నం తినడానికే తీరిక ఉండేది కాదు. కుర్చీ ఖాళీ అయ్యేదే కాదు."

"ఇప్పుడయ్యింది."

"అక్కా..."

"చూడండి, ఎంత ఖాళీగా ఉందో. ఊడవడానికి వెంట్రుక కూడా లేదు. అయినా ఊడుస్తున్నా. అలవాటు చావదు కదా."

"నేను క్షమాపణ చెప్పుకుందామని వచ్చాను."

"దేనికి?"

"నీకు తెలుసు."

"నాకు తెలుసు. మీకు తెలుసా అని అడుగుతున్నా."

"వీడియోకి."

"ఏ వీడియో? బోలెడు తీశారుగా. మా మెట్లు తీశారు. మా కిటికీ తీశారు. మా పిల్లి ఆవులిస్తే అదీ తీశారు."

"తాత వీడియో."

"అందులో ఏముంది?"

"నా చేత చెప్పించకక్కా."

"చెప్పాలి. నేను ఒక్కసారే చూశా, అదీ సగం. ఆఖరి దాకా చూడటం నా వల్ల కాలేదు. తీసినవాళ్ళు మీరు. ఏముందో మీరే చెప్పండి."

"తాత ఒకాయనకి జుట్టు కత్తిరిస్తున్నారు. ఆ సగం మీసం కథ చెబుతున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చుని ఫోను పట్టుకున్నా. ఒకసారి చెప్పడం అయ్యాక మళ్ళీ మొదలెట్టారు. అప్పుడు నా చెయ్యి ఫోను ముందు పెట్టి రెండు వేళ్ళు చూపించా. మళ్ళీ మొదలెడితే మూడు. తర్వాత..."

"తర్వాత?"

"నాలుగు."

"అంతేనా?"

"కింద రాశాను."

"ఏమని?"

"అక్కా, వద్దు."

"రాసేటప్పుడు లేని మొహమాటం చదివేటప్పుడు ఎందుకు? ఏమని రాశారు?"

"అరిగిపోయిన రికార్డు... దీన్ని ఆపే బటన్ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా, అని."

"ఎంత బాగా రాశారండీ! అందుకే అంతమంది నవ్వారు."

"నాకు నిజంగా తెలీదక్కా. సరదాకి చేశాను. తాత అలా చెబుతుంటే ముద్దుగా అనిపించి..."

"ముద్దొచ్చినవాళ్ళకి ఆపే బటన్ ఎక్కడుందని వెతుకుతారా ఎవరైనా?"

"ఆయనకి మతిమరుపు ఉందని నువ్వు చెప్పలేదు కదా."

"ఎందుకు చెప్పాలి? ఊళ్ళోవాళ్ళకే చెప్పలేదు. ఆయన కుళాయి తిప్పి వదిలేస్తే నేను వెళ్ళి కట్టేసేదాన్ని. గడ్డం అయిపోయిన మనిషికి మళ్ళీ నురగ కలపబోతే, 'అయిపోయింది నాన్నా, ఇక పౌడరే' అని నవ్వేసేదాన్ని. కత్తి పని పూర్తిగా నేను తీసుకుని కత్తెర పని ఆయనకి వదిలేశా. ఆ చేతులకి ఏ మరుపూ లేదు. ఈ రోజుకీ లేదు. మాటే తిరిగి తిరిగి అక్కడికే వచ్చేది. వచ్చేవాళ్ళు కూడా పెద్దాయన, కబుర్ల పుట్ట, అనుకుని ఊరుకునేవాళ్ళు. గుట్టుగా నడిచిపోతోంది. గుప్పిట మూసి ఉన్నంత వరకే కదండీ ఏదైనా."

"ఇప్పుడెవరూ రావట్లేదా?"

"పోస్టాఫీసు గుమస్తాని చూశారుగా, లావుపాటాయన?"

"చూశా. వీడియోలో కుర్చీలో ఉన్నది ఆయనేగా."

"ఆయనే. నల్లజుట్టు నాటి నుంచి మా నాన్న కత్తెర కిందే తెల్లబడ్డాడు. మొన్న ఈ సందులోంచి గొడుగు అడ్డం పెట్టుకుని పోయాడు. వానా లేదు, ఎండా లేదు. పెద్ద రోడ్డులో కొత్త షాపులో కటింగ్ చేయించుకున్నాడు, ఆ తల మా కంట పడకూడదని పాపం ఆయన బాధ."

"అయ్యో."

"అయ్యో అనకండి. ఆయన మంచివాడు కాబట్టి గొడుగు పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు మొహం మీదే అన్నారు, మతి లేనివాడి చేతికి గొంతు ఎలా ఇస్తామమ్మా అని. తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు."

"కానీ కత్తి పట్టుకునేది నువ్వే కదా!"

"అది వీడియోలో లేదుగా."

"తీసేశానక్కా. వీడియో తీసేశాను."

"ఎప్పుడు?"

"తీసేశాను. చూడు కావాలంటే. ఇదిగో, లేదు."

"ఎప్పుడని అడిగా."

"ఇప్పుడే."

"ఇప్పుడే అంటే?"

"ఇందాక."

"ఇందాక అంటే?"

"సందు మలుపులో. ఆ కిళ్ళీ బడ్డీ పక్కన నిలబడి."

"ఓహో. మా గుమ్మం కనపడ్డాక."

"తీసేద్దామనే అనుకున్నానక్కా. రోజూ అనుకున్నా."

"మరి? వేలు నొప్పెట్టిందా? నాలుగు వేళ్ళు ఎత్తి చూపించినవారు, ఒక్క వేలితో అదేదో నొక్కలేకపోయారా?"

"నేను పెట్టేవి ఎవరూ చూడరక్కా. కొండలెక్కి తీశాను, నది ఒడ్డున తెల్లారేదాకా కూర్చుని తీశాను. ఎవరూ చూడలేదు. అదొక్కటే చూశారు. నిద్ర లేవగానే చూసుకుంటే ఇంకొంతమంది. ఎవరెవరో భలేగా ఉంది, నువ్వు భలే దానివి అని. ఊరు కాని ఊళ్ళో ఒక్కదాన్నే లేస్తున్నా కదా పొద్దున్నే. ఎవరో ఉన్నట్టు ఉండేది."

"మా ఇంట్లో లేచినప్పుడు ఎవరూ లేనట్టు ఉందా?"

"అలా కాదక్కా."

"ఎలా?"

"ఎలాగో చెప్పలేను. నాకు సిగ్గుగా ఉంది."

"మొదటి రోజే తీసేసినా ఎవరూ ఎరగకుండా పోయేది. ఇప్పుడు మీరు తీసేస్తే ఏంటి, తీయకపోతే ఏంటి? ఎవరి ఫోన్లో వాళ్ళు దాచుకున్నారు. ఎవడో దానికి పాట కట్టాడు. ఇంకెవడో మా నాన్న తలకి గాడిద చెవులు అతికించాడు. తాత వయసున్నవాడికి గాడిద చెవులు!"

"చూశాను."

"చూశారా?"

"నాకు ఎలా తెలిసిందో చెప్పనా?"

"చెప్పండి. ఖాళీయేగా. వినడానికి బోలెడు తీరిక."

"మీ దగ్గర్నుంచి వెళ్ళాక ఇంకా దక్షిణానికి పోయాను. ఊరు తర్వాత ఊరు. ఎక్కడికెళ్ళినా ఎవరో ఒకరు ఆదుకున్నారక్కా. ఒక ఊళ్ళో రొట్టెల బట్టీ ఆవిడ, వేడిగా ఉంది తినమ్మా అని చేతిలో పెట్టింది. ఇంకో ఊళ్ళో లాడ్జి గదికి గడియ సరిగా పడదని కాపలా ముసలాయన తన కుర్చీ తెచ్చి నా గుమ్మం ముందు వేసుకున్నాడు. పేరు కూడా అడగలేదు."

"మంచివాళ్ళు దొరికారు. అదృష్టవంతులు."

"తర్వాత బస్సులో ఒకావిడ పక్కన చోటిచ్చింది. జామకాయ కొరికి సగం నాకు పెట్టింది. ఒక్కదానివే తిరుగుతున్నావా, భయం వెయ్యదా అంది. లోకంలో మంచివాళ్ళే ఎక్కువండీ అన్నాను. పెద్ద లోకం చూసినదానిలాగా. ఆవిడకి ఆ మాట నచ్చింది. ఉండు, నిన్ను నవ్విస్తా అని ఫోను తీసింది."

"ఊఁ."

"నా వీడియోనే. గాడిద చెవులతో. ముందు నా వేళ్ళు. ఆవిడ నవ్వలేక చస్తోంది. కింద ఎవరో రాశారు, ఇది మా ఊరి షాపే, అటు వెళ్ళకండి, ముసలాయనకి మతిమరుపు, చేతిలో కత్తి ఉంటుంది, అని. అది చదివాక నాకు... జామకాయ నోట్లోనే ఉంది."

"ఆ వేళ్ళు నీవేనని చెప్పావా ఆవిడకి?"

"లేదు."

"మరేం చేశావు?"

"ఏం చెయ్యలేదు."

"ఏదో ఒకటి చేసుంటావుగా. ఊరికే కూర్చున్నావా?"

"నవ్వాను."

"ఏంటి?"

"ఆవిడతో పాటు నేనూ నవ్వానక్కా. ఏం చెయ్యాలో తెలీక. బాగుందండీ అన్నాను. తర్వాత స్టాపులో దిగిపోయాను. అది నేను దిగాల్సిన ఊరు కూడా కాదు."

అక్క చీపురు గోడకి ఆనించింది. అమ్మాయికి సంచి ఎత్తుకుని వెళ్ళిపోతే బాగుండుననిపించింది. కానీ అక్కడే నిలబడింది.

"అక్కా, ఏదైనా అను. తిట్టు."

"తిట్టను. ఒక్క మాట అడుగుతా. నీకు ఒళ్ళు కాలిపోతుంటే తడిగుడ్డ వేశాను కదా?"

"వేశావు. పాలల్లో రొట్టె ముంచి తినిపించావు."

"అప్పుడు నువ్వు ఏడుస్తూ ఒకటి చెప్పావు. తోడు వస్తానన్న మనిషి స్టేషన్‌కి రాలేదని. రైలు కదిలేదాకా గుమ్మంలో నిలబడ్డావని. ఇంట్లోవాళ్ళకి మాత్రం ఇద్దరం కలిసే తిరుగుతున్నామని ఇప్పటికీ అబద్ధం చెబుతున్నావని. చెప్పావా?"

"చెప్పాను."

"అది నేనెవరికైనా చెప్పానా?"

"లేదు."

"మా నాన్నకి కూడా చెప్పలేదు. జ్వరంలో పిల్ల అన్న మాట, నాలోనే ఉండిపోనీ అనుకున్నా. నీ మాట నా గడప దాటలేదు. నా ఇంటి మాట మాత్రం ఊరూరా తిరిగింది. నాకు కోపం అందుకు."

"తప్పయిపోయిందక్కా."

"ఏడవకు. ఏడిస్తే నేను నీళ్ళు తెచ్చివ్వాలి. నాకు ఇవాళ ఎవరికీ ఏమీ తెచ్చివ్వాలని లేదు."

"నేను సరిచేస్తాను. ఇంకో వీడియో చేస్తా. తాత ఎలాంటివారో, ఎంత బాగా కత్తిరిస్తారో, కత్తి పని అసలు నువ్వే చేస్తావని, తప్పు నాదేనని, అన్నీ చెబుతా. నా మొహం చూపించి మరీ చెబుతా."

"మళ్ళీ ఫోనేనా?"

"అందరూ చూస్తే..."

"అందరూ చూస్తే! నీకు క్షమాపణ చెప్పడానికి కూడా అందరూ ఉండాలా? ఆ గోడ పక్కనే పడుకున్నాడు మనిషి, ఆయనొక్కడూ చాలడా?"

"ఆయనకే చెబుదామని వచ్చాను."

"చెప్పొద్దు."

"ఇప్పుడే కదా ఆయనొక్కడూ చాలడా అన్నావు!"

"అన్నాను. చెప్పమనలేదు. ఆయనకి ఫోను లేదు. వీడియో సంగతి తెలీదు. జనం ఎందుకు రావట్లేదే అంటే, రోడ్డు తవ్వుతున్నారు నాన్నా, గొయ్యి దాటి రాలేకపోతున్నారు అని చెప్పా. ఎప్పుడు పూడుస్తారే అని రోజూ అడుగుతున్నాడు. తెలియని దెబ్బని చూపించి మరీ మందు రాస్తావా?"

"మరి నేనేం చెయ్యాలి?"

"నాకేం తెలుసు? బస్సెక్కు. ఇంకా ఊళ్ళున్నాయిగా కింద."

వెనక గది తెర కదిలింది. షాపు పెద్దాయన కళ్ళు నులుముకుంటూ బయటికి వచ్చాడు.

"ఎవరే అది? ఎవరో వచ్చినట్టుంది?"

"ఎవరూ లేరు నాన్నా. దారి అడుగుతోంది."

"దారి అడిగేవాళ్ళు సంచి దించుతారటే? రా తల్లీ, కూచో. అంత మూట మోసుకుని ఎక్కడి నుంచి రాక?"

"నేను... చాలా దూరం నుంచి తాతా."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

"పెద్ద రోడ్డు మీంచేగా వచ్చావు? ఇంకా తవ్వుతూనే ఉన్నారా?"

"తాతా, అది..."

"చెప్పమ్మా. తవ్వుతున్నారుగా. ఆయనకి చెప్పు."

"తవ్వుతున్నారు తాతా."

"గొయ్యి పెద్దదేనా?"

"పెద్దదే."

"అనుకున్నా! లేకపోతే గుమస్తా రాకుండా ఉంటాడా? మోకాళ్ళ నొప్పులు ఆయనకి. గొయ్యి ఎలా దాటతాడు? పాపం ఆ మెడ మీద జుట్టు కాలరులోకి దిగిపోయి ఉంటుంది ఈపాటికి."

"నాన్నా, లోపలికి పద. టీ పెడతా."

"టీ పారిపోదు గానీ, ఈ పిల్లకి ఏం కావాలో అడిగావా?"

"ఏం అక్కర్లేదు. వెళ్ళిపోతోంది."

"తాతా, నాకు జుట్టు కత్తిరిస్తారా?"

"వద్దు. నాన్నా, ఈ అమ్మాయికి బస్సు టైమైంది."

"బస్సు తర్వాత ఇంకో బస్సుంటుందే. జుట్టు తర్వాత జుట్టు మాత్రం చాలా రోజులు పడుతుంది. చూడు, చివర్లు ఎలా చిట్లిపోయాయో, కొబ్బరిపీచులాగా. కూచో తల్లీ. గుడ్డ దులిపి తెస్తా."

ఆయన గుడ్డ తీసుకుని వెనక వాకిట్లోకి వెళ్ళాడు. అక్క అమ్మాయి మోచెయ్యి పట్టుకుంది.

"ఏంటి ఇది? ఏం చేద్దామని?"

"షట్టరు పూర్తిగా ఎత్తక్కా. సందులో పోయేవాళ్ళు చూడనీ, నేను ఈ కుర్చీలో కూర్చోవడం."

"చూసి?"

"ధైర్యం వస్తుంది కదా వాళ్ళకి. కత్తి కూడా ఇవ్వు. మెడ వెనక నూగు గీయమంటా. అందరూ చూస్తుండగా. నా మెడే కదక్కా, ఏమైనా నాకే కదా."

"నీకు కాదు. నీ మెడ తెగితే స్టేషన్‌కి పోయేది మా నాన్న. నీ పాపం కడుక్కోవడానికి మా నాన్న చెయ్యి అరువివ్వమంటావా?"

"నేను అలా అనుకోలేదు."

"నువ్వు ఏదీ అనుకోవు. అదే నీతో తంటా."

"సరే. కత్తి వద్దు. కత్తెరే. షట్టరు ఎత్తకపోయినా సరే. కూర్చుంటానంతే."

"ఫోనేదీ?"

"ఇదిగో. నువ్వే ఉంచుకో."

"నాకెందుకు ఆ దరిద్రం? సంచిలో పడెయ్. కూచో. కథ చెబితే విను. ఇంకేం మాట్లాడకు."

"మాట్లాడను."

"ఏంటే, పిల్లని పట్టుకుని లాగుతున్నావు? వదులు. ఇదిగో గుడ్డ. మెడకి బిగుతుగా ఉందా తల్లీ?"

"లేదు తాతా."

"కత్తెర ఇవ్వవే. కత్తి ఏదీ?"

"సానకి ఇచ్చాను నాన్నా."

"ఇంకా రాలేదా? ఆ సానవాడు నూరుతున్నాడా, కొత్తది పోత పోస్తున్నాడా? ఊఁ, తల వంచు తల్లీ. ఎంత తీయమంటావు?"

"మీ ఇష్టం తాతా."

"అలా అనకూడదు. షాపులో మీ ఇష్టం అన్నవాళ్ళు బాగుపడినట్టు లేదు. ఒకాయన ఇలాగే వచ్చి కూర్చున్నాడు. ఎప్పటి మాట అనుకున్నావు..."

"నాన్నా, ఇప్పుడు కథ ఎందుకు?"

"చెప్పనీ అక్కా."

"చూశావా, పిల్ల వింటానంటోంది. ఒకాయన వచ్చాడు. ఇంత మీసం. తీసేద్దామా, ఉంచుదామా అంటే, మీ ఇష్టం అన్నాడు. సరే తీసేద్దాంలే అని ఇటువైపు సగం తీశా. అటువైపు కత్తి పెట్టబోతున్నా, బయట బస్సు హారన్! అంతే, ఒక్క గెంతు. మెడకి గుడ్డ అలాగే ఉంది, మొహం నిండా నురగ, సగం మీసం, బస్సు వెనకాల పరిగెడుతున్నాడు. నేను ఆయన వెనకాల! మీసం కోసం కాదు, నా గుడ్డ కోసం."

"దొరికిందా తాతా గుడ్డ?"

"ఎక్కడ దొరుకుతుంది? బస్సెక్కి పోయాడు. ఏడాది తర్వాత వచ్చాడు. గుడ్డ ఉతికి మడత పెట్టి తెచ్చాడు, పెద్దమనిషి. అప్పటికీ సగం మీసమే! ఇదేంటయ్యా అంటే, ఆ ఊళ్ళో అందరూ అడిగితే ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అన్నాట్ట. అన్నాక తీసేస్తే పరువు పోతుందిగా, అలాగే ఉంచాట్ట. వెనకాల చూస్తే ఇంకో ముగ్గురు నిలబడి ఉన్నారు. మీకేం కావాలయ్యా అన్నా. మాకూ సగం, అన్నారు!"

"భలే ఉంది తాతా."

"భలే ఉంటే నవ్వాలిగా? నువ్వు నవ్వలేదు."

"నవ్వాను."

"లేదు. కళ్ళు తుడుచుకున్నావు."

"వెంట్రుక పడింది కంట్లో."

"నేను కత్తిరించిన వెంట్రుక కంట్లో పడదు తల్లీ. ఆ పేరు ఇంతవరకూ రాలేదు నాకు."

"తాతా, నేను ఇంతకు ముందు ఒకసారి వచ్చాను ఇక్కడికి."

"నోరు ముయ్యి. మాట్లాడనన్నావు."

"అక్కా, నా వల్ల కావట్లేదు."

"నీ వల్ల కాకపోతే? నీ గుండెల మీద బరువు దించి ఆయన గుండెల మీద పెడతావా? నెమ్మదిగా మాట్లాడు."

"ఏంటే మీ గుసగుసలు? నాకు మతిమరుపు గానీ చెవుడు కాదు."

"నీకు మతిమరుపని ఎవరన్నారు నాన్నా?"

"ఎవరూ అనలేదు. ఎన్నిసార్లు చెప్పిన మాట చెప్పినా ఒక్కరూ అనలేదు. అందుకే తెలిసింది. నువ్వు అలా నోరు తెరుచుకుని చూడకే. ఆ దువ్వెన ఇటివ్వు."

"ఇదిగో."

"తల వంచింది చాలు తల్లీ. ఎత్తు. ఎందుకలా కిందకే చూస్తావు?"

"పైకి చూడలేకపోతున్నా తాతా."

"చూడాలి. లేకపోతే రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో నాకెలా తెలుస్తుంది? ఊఁ. ఎదురుగా అద్దంలో చూడు. ఏం కనపడుతోంది?"

"నేను. నా వెనక మీరు."

"నా వెనక?"

"బల్ల."

"ఆ బల్ల మీద ఎవరు కూర్చున్నా, ఈయన మనకి వీపు తిప్పి ఉన్నాడు కదా అనుకుంటారు. నువ్వూ అనుకున్నావు. వచ్చిన రోజు నుంచీ పెదవి విప్పని పిల్లవి, ఆవేళ మూడు వేళ్ళు చూపించి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వావు. ముందువి మరిచిపోయి చెప్పానేమో నాకు తెలీదు గానీ తల్లీ, నాలుగోది మాత్రం నువ్వు ఇంకాసేపు నవ్వుతావనే చెప్పాను."